క్వాంటమ్ కంప్యూటర్ వచ్చేలోపు ఏ తాళం మార్చాలి, ఏది వదిలేయొచ్చు

అమరావతిలో ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటన వచ్చిన కొద్దిరోజులకే మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, అదొస్తే బ్యాంకు పాస్‌వర్డులన్నీ విప్పేస్తుందటగా, ఎఫ్‌డీ తీసేయమంటావా?" అని. తీయొద్దు బాబాయ్ అన్నాను. అక్కడ పెడతామన్నది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్ లెక్క చేసే కనీస ముక్క). ఇంటర్నెట్‌లో మనం ఇన్నాళ్లూ వాడుతున్న ఆర్‌ఎస్‌ఏ-2048 అనే ఎన్‌క్రిప్షన్ తాళాన్ని విరగ్గొట్టాలంటే 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటల సమయం కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా అనే పరిశోధకులు లెక్క వేశారు. 2 కోట్లెక్కడ, 156 ఎక్కడ.

అయితే బాబాయ్‌కి చెప్పని సంగతి ఒకటుంది. 2025 మేలో అదే గిడ్నీ మళ్లీ లెక్క వేసి, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే పని అయిపోతుందని తేల్చాడు. ఆరేళ్లలో అవసరం ఇరవయ్యో వంతుకి పడిపోయింది. యంత్రాలు అంతలా పెరిగాయా అంటే లేదు, కాగితం మీద లెక్క మెరుగుపడింది, అంతే. నాకు టెన్షన్ పుట్టించేది ఇదే. యంత్రం పెరగడం కంటికి కనిపిస్తుంది, పదిమందికీ తెలుస్తుంది. లెక్క మాత్రం ఏ రోజు పొద్దున్న ఎవరి కంప్యూటర్లోంచి బయటికొస్తుందో ఎవరికీ తెలీదు.

అందుకని "అది ఎప్పుడొస్తుంది" అని జాతకాలు చెప్పే పని నేను మానేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లని ఒక్కటే అడుగుతాను: మీ దగ్గరున్న సమాచారం ఎన్నేళ్లు గుట్టుగా ఉండాలి? ఓటీపీకి పది నిమిషాలు చాలు. కొటేషన్‌కి ఆర్నెల్లు. మనిషి జన్యు పరీక్ష రిపోర్టుకైతే ఆ మనిషి జీవితమంతా, ఆ మాటకొస్తే అతని పిల్లల జీవితం కూడా. ఇవాళ మీ కేబుల్‌లో పోయే డేటాని ఎవడో కాపీ చేసి దాచుకుని, పదేళ్ల తర్వాత యంత్రం చేతికొచ్చాక తీరిగ్గా విప్పుకోవచ్చు. దొంగ ఇప్పుడే బీరువా ఎత్తుకెళ్లి తాళంచెవి దొరికేదాకా ఇంట్లో పెట్టుకున్నట్టు. మిషెల్ మోస్కా అనే శాస్త్రవేత్త దీన్ని ఒక్క ముక్కలో పెట్టాడు: రహస్యం నిలవాల్సిన ఏళ్లు, మీ సిస్టమ్ మార్చడానికి పట్టే ఏళ్లు కలిపితే యంత్రం రావడానికి పట్టే ఏళ్ల కంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యమైనట్టు.

ఇక్కణ్నుంచి చెప్పేదంతా విజయవాడలో నేను సర్వర్లు చూసిపెట్టే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను. చిన్న సంస్థే. రెండు సర్వర్లు, ఒక ఫైర్‌వాల్, పేషెంట్లు రిపోర్టులు దించుకునే వెబ్‌సైట్, రోజూ రాత్రి క్లౌడ్‌కి పోయే బ్యాకప్. వాళ్ల ఓనర్ దగ్గరికి ఓసారి ఒక సేల్స్ అబ్బాయి వచ్చి "క్వాంటమ్ ప్రూఫ్" డబ్బా అంటూ పెద్ద బ్రోషర్ పెట్టి వెళ్లాడట. "ఏది కొనాలి, అసలు కొనాలా" అని ఆయన నన్నడిగాడు.

ముందు ఏమీ చెయ్యక్కర్లేనివి

హార్డ్ డిస్క్ ఎన్‌క్రిప్షన్, పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్లు, డేటాబేస్ లోపలి ఎన్‌క్రిప్షన్... ఇవన్నీ ఏఈఎస్ లాంటి ఒకే కీతో వేసి ఒకే కీతో తీసే తాళాలు. వీటి మీద క్వాంటమ్ యంత్రానికి ఉన్న ఆయుధం 1996 నాటి గ్రోవర్ అల్గారిథమ్. కాగితం మీద అది కీ బలాన్ని సగం చేస్తుంది, అంటే 256 బిట్ల కీ 128 బిట్ల కీలా ఉంటుంది. 128 కూడా ఎవడి తరమూ కాదు. పైగా గ్రోవర్‌ని పది యంత్రాలకి పంచి పదింతలు వేగంగా నడపడం కుదరదు, అందుకే ఏఈఎస్-128 కూడా రేపో మాపో కూలిపోదు. అయినా ఎంచుకునే చోట 256 పెట్టేయండి, వేగంలో తేడా మీకు తెలీదు. ఈ విషయంలో డబ్బు ఖర్చు పెట్టమని ఎవరైనా అంటే టీ ఇచ్చి పంపించేయండి.

పడిపోయేది రెండో రకం: పబ్లిక్ కీ పద్ధతులు, అంటే అందరికీ చూపించే కీ ఒకటి, దాచుకునే కీ ఒకటి ఉండేవి. ఆర్‌ఎస్‌ఏ, డిఫీ-హెల్‌మన్, ఎలిప్టిక్ కర్వ్. పెద్ద సంఖ్యకి కారణాంకాలు కనుక్కోవడం కష్టం అన్న నమ్మకం మీద ఆర్‌ఎస్‌ఏ 1977 నుంచి నిలబడింది. తగిన యంత్రం ఉంటే అది కష్టమేమీ కాదని 1994లో పీటర్ షోర్ చూపించాడు, అదే దారిలో మిగతా రెండూ పోతాయి. ఇక్కడ కీ పొడవు పెంచుకుంటూ పోయినా లాభం లేదు. తాళం రకమే మార్చాలి.

ఈ పబ్లిక్ కీ తాళాలు చేసే పనులు రెండు. ఒకటి, ఇద్దరూ మాట్లాడుకోవడానికి ముందు రహస్యంగా ఒక కీ పంచుకోవడం. రెండోది సంతకం, అంటే అవతలివాడు నిజంగా వాడేనా అని తేల్చడం. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే సగం గందరగోళం. కీ పంచుకోవడాన్ని ఇవాళ రికార్డు చేసి రేపు విప్పొచ్చు, కాబట్టి ఇది ఇప్పుడే మారాలి. సంతకం అలా కాదు. పదేళ్ల తర్వాత యంత్రం వస్తే ఆ రోజు దొంగ సంతకాలు పెట్టగలరు గానీ, నిన్న మీ బ్రౌజర్ సరిచూసుకుని వదిలేసిన సంతకాన్ని వెనక్కెళ్లి ఏమీ చెయ్యలేరు. అందుకని సంతకానికి కాస్త టైముంది, కొన్ని మినహాయింపులున్నాయి, వాటి సంగతి తర్వాత.

కీ పంచుకోవడానికి: ఎంఎల్-కెమ్, హెచ్‌క్యూసీ, మెక్‌ఎలీస్

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో పోటీ పెట్టి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పద్ధతుల్ని ఏళ్ల తరబడి అందరిచేతా కొట్టించి, చివరికి 2024 ఆగస్టు 13న మొదటి మూడు ప్రమాణాలు విడుదల చేసింది. కీ పంచుకోవడానికి అందులో ఉన్నది ఒక్కటే, ఎంఎల్-కెమ్, పాత పేరు కైబర్. లాటిస్ అనే గణితం మీద నడుస్తుంది. ఒకవేళ లాటిస్ గణితంలోనే ఎవరైనా బొక్క కనిపెడితే చేతిలో ఇంకోటి ఉండాలని 2025 మార్చిలో హెచ్‌క్యూసీని కూడా ఎంపిక చేశారు, దాని గణితం వేరు, ఎర్రర్ కరెక్షన్ కోడ్‌ల నుంచి వచ్చింది. క్లాసిక్ మెక్‌ఎలీస్ 1978 నాటిది. ఇన్నేళ్లు దెబ్బలు తిని నిలబడిన ముసలి పహిల్వాన్, కానీ దాని పబ్లిక్ కీ చిన్న సైజులోనే 2,61,120 బైట్లు. ఒక ఫొటో అంత. వెబ్‌సైట్ తెరిచిన ప్రతిసారీ దాన్ని పంపలేరు. రెండు ఆఫీసుల మధ్య ఎప్పుడూ ఉండే లింకుకి ఒకసారి కీ పెట్టి వదిలేసే చోటైతే ఆలోచించొచ్చు.

మామూలు సంస్థకి ఎంఎల్-కెమ్-768, ఇంకో ఆలోచన వద్దు. అసలు ఎంచుకోవాల్సింది దాన్ని ఒంటరిగా వాడాలా, పాత ఎలిప్టిక్ కర్వ్‌తో జోడించి వాడాలా అన్నది. జోడీనే, అనుమానం లేకుండా. ఎందుకో చెప్పడానికి 2022 గుర్తు చేస్తే చాలు. సైక్ అనే పద్ధతి నిస్ట్ పోటీలో నాలుగో రౌండు దాకా వచ్చింది. ఆ వేసవిలోనే బెల్జియంలోని ల్యూవెన్ యూనివర్సిటీ వాళ్లు కాస్ట్రిక్, డెక్రూ ఇద్దరూ దాన్ని మామూలు కంప్యూటర్ మీద, ఒక్క కోర్‌తో, దాదాపు గంటలో విప్పేశారు. క్వాంటమ్ అవసరమే రాలేదు. అదే ఏడాది మొదట్లో రెయిన్‌బో అనే సంతకం పద్ధతి ఒక ల్యాప్‌టాప్ ముందు ఒక్క వీకెండ్‌కే పడిపోయింది. ఎంఎల్-కెమ్‌కి అలా అవుతుందని నేననడం లేదు, దాని మీద జరిగిన పరిశీలన వేరే స్థాయిది. కానీ కొత్త తాళం పక్కన పాత తాళం కూడా వేసి ఉంచితే పోయేది 32 బైట్లు. రెండూ విరిగితే గానీ లోపలికి రాలేరు. జర్మనీ, ఫ్రాన్స్ భద్రతా సంస్థలు జోడీనే వాడమంటున్నాయి, అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ జోడీ తప్పనిసరి కాదంటుంది. నా ఓటు యూరప్ వాళ్లకే.

మంచి విషయం ఏంటంటే దీనికి కొనాల్సింది దాదాపు ఏమీ లేదు, అప్‌డేట్ చెయ్యడమే. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2022 ఏప్రిల్‌లో వచ్చిన 9.0 నుంచే క్వాంటమ్‌ని తట్టుకునే జోడీని డిఫాల్ట్ చేసేసింది, 2025 ఏప్రిల్ 10.0 నుంచి ఆ డిఫాల్ట్ ఎంఎల్-కెమ్ జోడీ. ఉబుంటు 20.04 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఇంకా కూర్చున్నవాళ్లకి మాత్రం ఉండేది 8.2, అందులో ఇది లేదు. వెబ్‌సైట్లకి తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5లో కూడా అన్నీ వచ్చేశాయి. ఒక్క మెలిక: వెబ్‌సైట్‌లో ఇది పనిచెయ్యాలంటే టీఎల్‌ఎస్ (బ్రౌజర్, సర్వర్ తాళం వేసుకుని మాట్లాడుకునే పద్ధతి) 1.3 ఉండాలి. 1.2 దగ్గరే ఆగిపోయిన సర్వర్‌కి ఎంఎల్-కెమ్ ఉన్నా లేనట్టే.

మీ సైట్ సంగతి చూసుకోవాలంటే క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి సెక్యూరిటీ ట్యాబ్‌కి వెళ్లండి. కనెక్షన్ వివరాల్లో ఎక్స్25519 ఎంఎల్‌కెమ్768 అని ఉంటే జోడీ నడుస్తున్నట్టు, ఎక్స్25519 అని ఊరుకుంటే పాతదే. సర్వర్‌కి ముందు నిలబడి విజిటర్లని అందుకునే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ మోసపోతారు, జాగ్రత్త. ఆ ట్యాబ్ చూపించేది మీ బ్రౌజర్ నుంచి క్లౌడ్‌ఫ్లేర్ దాకా ఉన్న సగం దారి. అక్కడి నుంచి మీ సర్వర్ దాకా రెండో సగం పాత తాళంతోనే పోతూ ఉండొచ్చు. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని.

ల్యాబ్‌లో నాకు తగిలిన దెబ్బ ఇంకోటి. 2024లో క్రోమ్ ఈ జోడీని, అప్పటికింకా కైబర్ రూపంలోనే, డిఫాల్ట్ చేసిన కొత్తలో, రిసెప్షన్ కంప్యూటర్లలో కొన్ని సైట్లు తెరుచుకోవడం మానేశాయి. చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే సైట్ ఫోన్‌లో మొబైల్ డేటా మీద టక్కున వస్తుంది. ఇంటర్నెట్ వాళ్లని తిట్టాం, కేబుల్ మార్చాం, డీఎన్‌ఎస్ మార్చాం. రెండు గంటల తర్వాత నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ పెట్టి చూస్తే, బ్రౌజర్ పంపే మొదటి పలకరింపు రెండు ప్యాకెట్లుగా విడిపోయి వెళుతోంది. పాత పలకరింపులో కీ 32 బైట్లు, ఇప్పుడు దాని పక్కన కైబర్-768 పబ్లిక్ కీ ఇంకో 1,184 బైట్లు. మొత్తం కలిస్తే 1,500 బైట్ల ప్యాకెట్‌లో ఇమడదు. వాళ్ల ముసలి ఫైర్‌వాల్ మాత్రం పలకరింపు మొత్తం మొదటి ప్యాకెట్‌లోనే ఉంటుందన్న నమ్మకంతో బతుకుతోంది, రెండోది చూసి బిత్తరపోయి కనెక్షన్‌ని పడేస్తోంది. ఆ పూటకి క్రోమ్ పాలసీలో కొత్త తాళం ఆపేసి పని నడిపించాం. వారంలో ఫైర్‌వాల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి పాలసీ తీసేశాం. ఇలాంటి చోట చాలామంది మొదటి పని చేసి రెండోది మర్చిపోతారు.

సంతకాలకి: ఎంఎల్-డీఎస్ఏ, ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ, ఫాల్కన్

ఇక్కడ కథంతా సైజు చుట్టూ తిరుగుతుంది. ఇవాళ్టి ఎలిప్టిక్ కర్వ్ సంతకం 64 బైట్లు. ఎంఎల్-డీఎస్ఏలో అన్నిటికంటే చిన్నది 2,420 బైట్లు. ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ చిన్న రకం 7,856 బైట్లు, వేగంగా సంతకం పెట్టే రకమైతే 17,088. ఫాల్కన్-512 దాదాపు 666 బైట్లే, కానీ సంతకం పెట్టేటప్పుడు దశాంశ లెక్కలు వాడుతుంది, వాటిని రహస్యం లీక్ కాకుండా రాయడం నిపుణులకే చెమటలు పట్టించే పని. 2022లోనే ఎంపికైనా 2024 ఆగస్టులో మిగతావాటితో పాటు దాని ప్రమాణం రాలేదు.

వెబ్‌సైట్ ఒకసారి తెరిస్తే దాని వెనక ఒక్క సంతకమే ఉండదు. సైట్ అసలైనదని చెప్పే సర్టిఫికెట్ల గొలుసు, వాటిని నమోదు చేసే లాగ్‌ల ముద్రలు అన్నీ కలిపి ఐదు సంతకాలు, రెండు పబ్లిక్ కీలు ఉన్నాయనుకుందాం. అన్నీ ఎంఎల్-డీఎస్ఏ చిన్న రకమే పెట్టినా మొత్తం దాదాపు 14,700 బైట్లవుతాయి. టవర్ సిగ్నల్ ఒక గీత దగ్గర ఊగే పల్లెటూళ్లో అది తెలిసిపోతుంది. అందుకే బ్రౌజర్ల వాళ్లు తొందరపడకుండా చాలా సర్టిఫికెట్లకి కలిపి ఒకే సంతకం పెట్టే మెర్కిల్ ట్రీ సర్టిఫికెట్ల లాంటి వేరే దారులు వెతుకుతున్నారు. మీరు కూడా వెబ్‌సైట్ సర్టిఫికెట్ గురించి ఇప్పుడు ఏమీ చెయ్యకండి. క్వాంటమ్ సర్టిఫికెట్ అని ఎవరైనా అమ్మితే, దాన్ని క్రోమ్ నమ్ముతుందా అని ఒక్క ప్రశ్న వెయ్యండి.

ఇందాక అన్న మినహాయింపులు ఇవి. ఒకటి, పదిహేనేళ్లు గోడకి వేలాడే పరికరాలు: కరెంటు స్మార్ట్ మీటర్లు, ఆస్పత్రి యంత్రాలు, కార్లు. వాటి చిప్‌లో ఇవాళ ఆర్‌ఎస్‌ఏ కీ ఒకటే కాల్చి పెడితే, రేపు దాన్ని విరగ్గొట్టినవాడు దొంగ అప్‌డేట్ పంపి పరికరాన్ని చేతుల్లోకి తీసుకోగలడు, దాన్ని సరిచెయ్యడానికి మళ్లీ ప్రతి గోడ దగ్గరికీ మనిషి వెళ్లాలి. వీటికి ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ సరిపోతుంది. అప్‌డేట్ ఫైలే కొన్ని ఎంబీలు ఉన్నప్పుడు 8 కేబీ సంతకం ఎవరికి బరువు? పైగా దీని బలం హాష్ (ఎంత పెద్ద ఫైలునైనా వెనక్కి తిప్పలేని చిన్న ముద్రగా మార్చే పాత లెక్క) మీదే ఆధారపడి ఉంది, కొత్త గణితాన్ని నమ్మక్కర్లేదు. ఎల్ఎంఎస్ అనే ఇంకో హాష్ పద్ధతి ఉంది, సంతకం చిన్నది, ఎన్‌ఎస్‌ఏ ఫర్మ్‌వేర్‌కి దాన్నే సిఫార్సు చేస్తుంది. కానీ అందులో ప్రతి చిన్న కీనీ ఒక్కసారే వాడాలి. సర్వర్ పాడై పాత బ్యాకప్ నుంచి ఎక్కించారనుకోండి, వాడేసిన కీనే మళ్లీ వాడతారు, అక్కడితో దొంగ సంతకాలకి తలుపు తెరిచినట్టే. మన ఆఫీసుల్లో బ్యాకప్ ఎక్కించే తీరు చూశాక దాన్ని సిఫార్సు చెయ్యడానికి నాకు మనసొప్పదు.

రెండోది, ఏళ్ల తరబడి చెల్లాల్సిన డిజిటల్ సంతకం పత్రాలు. ఆడిటర్లు యూఎస్‌బీ టోకెన్ గుచ్చి పెట్టే సంతకాలతో జీఎస్టీ రిటర్నులకి భయం లేదు. ముప్ఫై ఏళ్ల లీజు అగ్రిమెంటు అలా సంతకం చేసుకుంటే మాత్రం, ఒక కాపీ స్టాంపు కాగితం మీద కూడా ఉంచుకోండి. నవ్వొచ్చినా సరే, ఇప్పటికి ఉన్న చవకైన క్వాంటమ్ భద్రత అదే.

క్యూకేడీ డబ్బా సంగతి

సేల్స్ అబ్బాయి బ్రోషర్‌లో ఉన్నది ఇదే, క్యూకేడీ అంటే క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్. కాంతి కణాల మీద కీ పంపడం, మధ్యలో ఎవరైనా తొంగి చూస్తే తెలిసిపోవడం. 1984లో బెనెట్, బ్రసార్ చెప్పిన అందమైన ఆలోచన, అబద్ధం ఏమీ కాదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబ్‌ల మధ్య డీఆర్‌డీఓ దీన్ని చేసి చూపించింది. 2022లో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్ల పైన చేశారు.

కానీ మన ల్యాబ్‌కి? ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకి దాదాపు 0.2 డెసిబెల్స్ చొప్పున చచ్చిపోతుంది. 100 కిలోమీటర్లు పోతే నూటికి ఒక్క కణం మిగులుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు అనుకుంటే 10 లక్షల్లో మూడు. మామూలు సిగ్నల్‌లా మధ్యలో యాంప్లిఫయర్ పెట్టి పెంచడం కుదరదు, ఆ కణాన్ని కాపీ చెయ్యలేకపోవడమే కదా దీని భద్రత. అందుకని దారిలో సూర్యాపేట దగ్గర ఒక గది తీసుకుని, అక్కడ కీ విప్పి మళ్లీ కొత్తగా పంపాలి. ఆ గదిలో కీ బట్టబయలుగా ఉంటుంది. ఇక ఆ గదికి కాపలా ఎవరు? బీజింగ్-షాంఘై మధ్య 2017లో మొదలైన 2,000 కిలోమీటర్ల లైను కూడా ఇలాంటి నమ్మకపు గదుల మీదే నడుస్తోంది, కాకపోతే అక్కడ కాపలా పెట్టడానికి ఒక ప్రభుత్వం ఉంది. పైగా అవతల ఉన్నది నిజంగా మనవాడేనా అని క్యూకేడీ తనంతట తాను చెప్పలేదు, దానికి మళ్లీ సంతకమో ముందే పంచుకున్న కీనో కావాలి. ఎన్‌ఎస్‌ఏ కూడా ఇలాంటి కారణాలతోనే క్యూకేడీని సిఫార్సు చెయ్యనంటోంది. రక్షణ శాఖకో, ఒకే నగరంలో ఉన్న రెండు పెద్ద డేటా సెంటర్లకో పనికొస్తే పనికిరావచ్చు. డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి ఆ డబ్బుతో మంచి సెంట్రిఫ్యూజ్ వస్తుంది.

ఇంట్లో వాళ్లు అడిగితే

సిగ్నల్ యాప్ 2023 సెప్టెంబరులోనే కొత్త జోడీ తాళం వేసింది, ఐమెసేజ్‌కి 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో వచ్చింది. గుట్టుగా ఉండాల్సిన మాటలకి ఈ రెంట్లో ఏదైనా సరే. టెలిగ్రామ్ మామూలు చాట్లకి అసలు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు, దాని దగ్గర క్వాంటమ్ ప్రస్తావనే అనవసరం. మిగతాదంతా ఫోన్, బ్రౌజర్ అప్‌డేట్లు ఆపకుండా వేసుకోవడమే. మా బాబాయ్‌కి మాత్రం వేరే మాట చెప్పాను: నీ ఎఫ్‌డీకి ఉన్న ముప్పు వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాడు. వాడికి క్యూబిట్లు అక్కర్లేదు, నువ్వు ఫోనెత్తితే చాలు.

ల్యాబ్‌లో చివరికి చేసింది ఇంతే. సర్వర్లు కొత్త ఉబుంటుకి మార్చాం, టీఎల్‌ఎస్ 1.2 తీసేశాం, క్లౌడ్ నుంచి సర్వర్ దాకా ఉన్న రెండో సగం కూడా జోడీ తాళం మీదకి తెచ్చాం. బ్యాకప్‌లకి ఏఈఎస్-256 కీ పెట్టి, ఆ కీని ఇంతకుముందులా ఆర్‌ఎస్‌ఏతో చుట్టి పంపకుండా ల్యాబ్ లాకర్‌లో ఉంచాం. వాళ్లు కొనే ప్రతి కొత్త పరికరం పర్చేజ్ ఆర్డర్‌లో "తాళం అల్గారిథమ్‌ని అప్‌డేట్‌తో మార్చగలగాలి" అని ఒక లైన్ చేర్చాం. 2030 తర్వాత ఆర్‌ఎస్‌ఏ-2048ని వదిలించుకుని 2035 తర్వాత పూర్తిగా నిషేధించాలని నిస్ట్ ముసాయిదాలో పెట్టింది, ఇవాళ కొనే ఫైర్‌వాల్ ఆ మొదటి గడువు దాకా బతికే ఉంటుంది కదా. మొత్తం ఖర్చు నా నాలుగు రోజుల కూలీ.

అంతా అయ్యాక ఓనర్ అడిగాడు, "మరి ఇన్నేళ్లూ పాత తాళంతో క్లౌడ్‌కి వెళ్లిన రిపోర్టుల సంగతి?" క్లౌడ్‌లో ఉన్న పాత కాపీలన్నీ చెరిపేసి కొత్త కీతో మళ్లీ ఎక్కించాం. దారిలో ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే దానికి మాత్రం ఏ అప్‌డేటూ లేదని చెప్పాను. ఆయన కాసేపు మానిటర్ వైపు చూసి, మిగిలిన రెండో బ్రాంచి మార్పిడి వచ్చే నెలకి కాకుండా ఈ ఆదివారమే పెట్టుకుందామన్నాడు.